గోడమీది ర్యాక్‌కు గాలి దారి: మన ఎండల్లో నెట్‌వర్క్ పరికరాలను కాపాడుకోవడం



బళ్లో ఆఫీసు గది మూలనో, కంప్యూటర్ ల్యాబ్ పక్కనో గోడకు బిగించిన ఇనప పెట్టెను మీరంతా చూసే ఉంటారు. అద్దం తలుపు, లోపల మిణుకుమనే పచ్చ లైట్లు, పైనుంచి సన్నగా ఫ్యాన్ చప్పుడు. "అందులో ఏముంది సార్, రాత్రంతా ఎందుకు ఆన్‌లోనే ఉంటుంది?" అని పిల్లలు అడుగుతుంటారు. "బడికి సెలవులిచ్చాక కూడా దానికి కరెంటు ఎందుకండీ?" అని పెద్దవాళ్లు అడుగుతారు. రెండు ప్రశ్నలకూ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాం. అంగట్లో కెమెరాలు పెట్టుకున్నవాళ్లకు, అగ్గిపెట్టెల కంపెనీలోనో ప్రింటింగ్ ప్రెస్సులోనో ఇలాంటి పెట్టెను చూసుకునే పని ఉన్నవాళ్లకు, ఇంట్లో ఒక్క రౌటర్ మాత్రమే ఉన్నవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా అసలు మాట చెప్పేస్తాం. ఇలాంటి పెట్టెకు చల్లదనం కన్నా ముందు కావలసింది గాలి దారి. ఏసీ ఉన్న గదిలో కూడా ర్యాక్ లోపల ఉడికిపోవచ్చు. ఏసీ లేని గదిలో కూడా ఏళ్లకేళ్లు బాగా పనిచేయొచ్చు. గాలి ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది, పోయిన వేడిగాలి మళ్లీ లోపలికే వస్తోందా అన్నదే చూడాలి.

పెట్టెలో ఏముంటాయి

ఈ పెట్టెనే ర్యాక్ అంటారు. లోపల బిగించే పరికరాల ముఖం వెడల్పు ప్రపంచమంతటా ఒకటే: 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నుంచి వస్తున్న కొలత ఇది. ఎత్తును "యూ" లెక్కన చెబుతారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, 44.45 మిల్లీమీటర్లు. గోడకు బిగించేవి ఎక్కువగా 6, 9, 12 యూల పెట్టెలు. పెద్ద ఆఫీసుల్లో నేలమీద నిలబెట్టే బీరువా లాంటిది 42 యూ ఉంటుంది.

మామూలు బడి ర్యాక్‌లో కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్, వాటిని కలిపే స్విచ్, బయటి నుంచి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ పెట్టె, రౌటర్, కెమెరాల దృశ్యాలు దాచే రికార్డర్, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ ఉంటాయి. వీటిలో ప్యాచ్ ప్యానెల్ ఒక్కటే వేడి పుట్టించదు. అది ఉత్త సాకెట్ల వరుస. మిగతావన్నీ పొయ్యిలే, చిన్న పొయ్యిలు.

భౌతికశాస్త్రం చదివే పిల్లలు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. స్విచ్ తీసుకునే కరెంటు చివరికి దాదాపు అంతా వేడిగానే మారుతుంది. ఫ్యాన్ తిరిగితే గాలి కదులుతుంది, రాట్నం తిరిగితే నూలు వస్తుంది. స్విచ్‌లో అలా బయటికి వచ్చే పని ఏమీ లేదు. అందుకే 40 వాట్ల స్విచ్ అంటే 40 వాట్ల హీటరే. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని స్విచ్‌లు కేబుల్ గుండానే కెమెరాలకు కరెంటు పంపుతాయి. దాన్ని పీఓఈ అంటారు. 15.4 వాట్ల దాకా ఇచ్చే పోర్టులు ఒక రకం, 30 వాట్ల దాకా ఇచ్చేవి ఇంకో రకం. ఆ పంపిన కరెంటు వేడి ఎక్కువభాగం కెమెరా దగ్గర పుడుతుంది, ర్యాక్‌లో పుట్టదు. అందుకే స్విచ్ మీద పెద్ద అంకె చూసి, అంత వేడీ పెట్టెలోనే ఉంటుందని భయపడక్కర్లేదు.

ఒక లెక్క వేద్దాం. స్విచ్ 40 వాట్లు, రికార్డర్ దాని డిస్కులతో కలిపి 30, రౌటర్, ఫైబర్ పెట్టె కలిపి 15, యూపీఎస్ తనలో తాను ఖర్చు చేసుకునేది ఒక 15. మొత్తం 100 వాట్లు. పాతకాలపు గుండు బల్బు ఒకటి పెట్టెలో పెట్టి, రాత్రీపగలూ ఆర్పకుండా వెలిగించి, తలుపు మూసినట్టు.

ఇప్పుడా పెట్టెకు ఫ్యాన్ లేదనుకోండి. చిల్లులు కూడా లేవనుకోండి. 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 లోతు, 37 ఎత్తు ఉన్న 6 యూ పెట్టె తీసుకుంటే, గోడవైపు తప్ప మిగతా ఐదు ముఖాలూ కలిపి సుమారు 1.1 చదరపు మీటర్లు. రంగు వేసిన ఇనప రేకు, గాలి కదలని చోట, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 5 నుంచి 6 వాట్ల వేడిని బయటికి వదలగలదు. అంటే మన పెట్టె ఒక డిగ్రీ తేడాకు దాదాపు 6 వాట్లు వదులుతుంది. 100 వాట్లు బయటికి పోవాలంటే లోపలి గాలి గది కన్నా 16, 17 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. గది 25 డిగ్రీలుంటే లోపల 42. సరే, ఎలాగో నెట్టుకొస్తుంది. మే నెలలో మూసి ఉన్న గది 37 డిగ్రీలుంటే? లోపల 54.

చిన్న స్విచ్‌ల కంపెనీ కాగితాల్లో "పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు" అని ఉండటం మామూలు. కొన్ని 45, కొన్ని 50 దాకా ఓర్చుకుంటాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ అంకె గది వేడికి సంబంధించింది అనుకుంటారు. అది ఆ పరికరం పీల్చుకునే గాలి వేడి. పరికరం ఉన్నది పెట్టె లోపల కాబట్టి, అది పీల్చేది పెట్టె లోపలి గాలి. థర్మామీటరు గోడకు వేలాడదీసి "36 డిగ్రీలే కదా, ఫర్వాలేదు" అనుకుంటే ప్రయోజనం లేదు.

మన ఎండ, మన దుమ్ము

కోవిల్‌పట్టి, సాత్తూర్, విరుదునగర్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడితే మన నేల సంగతి తెలిసిపోతుంది. పడమటి కనుమలకు ఇవతల వాన తక్కువ పడే మెట్ట ప్రాంతం. నైరుతి వానలు కొండలకు అవతలే కురిసి, మనకు గాలి మాత్రం పంపిస్తాయి. మనకు వాన అంటే చాలావరకు ఐప్పసి, కార్తీక మాసాల్లో వచ్చే ఈశాన్య వానే. కత్తిరి ఎండల్లో డాబా స్లాబు పగలంతా కాగి, రాత్రంతా గదిలోకి వేడి దించుతుంది. బయట చల్లబడినా పైఅంతస్తు గది చల్లబడదు.

ఎండ తగ్గగానే ఆడి గాలి మొదలు. ఆడి గాలికి అమ్మికల్లు కూడా కదులుతుందని తమిళ సామెత. అమ్మికల్లు సంగతి ఎలా ఉన్నా, కరిసల్ నేల పొడి మాత్రం కిటికీ సందుల్లోంచి ఖచ్చితంగా కదిలి వస్తుంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి, తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ గారు ఈ నల్లరేగడికి సాహిత్యంలో పెద్ద పీట వేశారు. ర్యాక్ ఫ్యాన్‌కు మాత్రం అదే నల్లరేగడి తీరని తలనొప్పి. మెత్తగా, పౌడరులా ఉంటుంది. ఫ్యాన్ రెక్కల అంచుల్లో, స్విచ్ పక్క చిల్లుల్లో, రికార్డర్ లోపలి అల్యూమినియం పలకల మధ్య పేరుకుంటుంది. నూలు మిల్లుల దగ్గర, పత్తి గిన్నింగ్ దగ్గర ఉన్న అంగళ్లలో దానికి దూది పోగు తోడవుతుంది. దుమ్మూ దూదీ కలిస్తే ఫ్యాన్ ముందు కంబళి కప్పినట్టే. ఆ తర్వాత వాన నెలల్లో తేమ తగిలి ఆ పొర గట్టిపడుతుంది.

అందుకని మన ఊళ్లో రెండు పనులు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గాలి రావాలంటే పెట్టె తెరుచుకోవాలి. దుమ్ము రాకూడదంటే మూసుకోవాలి. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, రెండింట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే గాలినే ఎంచుకోండి. దుమ్మును మూడు నెలలకోసారి బ్రష్‌తో తీసేయొచ్చు. ఉడికిపోయిన కెపాసిటర్‌ను తీసేసి కొత్తది వేయడం ఇంట్లో అయ్యే పని కాదు. ఆ పరికరాల్లో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ సుమారు సగం అవుతుందని ఇంజనీర్ల పాత లెక్క.

గాలి ఎటు వచ్చి ఎటు పోవాలి

మన పెద్దల ఇళ్లు గుర్తు తెచ్చుకోండి. నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ వసారా, వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా ఒకే వరుస. కింది నుంచి చల్లగాలి వచ్చేది, పైనుంచి వేడిగాలి పోయేది. ర్యాక్‌కు చేయాల్సిందీ అదే. కింద లోపలికి రావడానికి దారి, పైన బయటికి పోవడానికి దారి, నడుమ అడ్డం లేకుండా ఉండాలి.

అంగట్లో కొన్న గోడ ర్యాక్‌లకు పైకప్పులో ఫ్యాన్ పెట్టుకునే రంధ్రాలు ఒకటో రెండో ఉంటాయి. సాధారణంగా 90 లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పడుతుంది. అది గాలిని పైకి, బయటికి తోయాలి. ఫ్యాన్ చట్రం మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది, చూసుకోండి. బాణం లేకపోతే, స్టిక్కర్, దాన్ని పట్టుకునే అడ్డ పుల్లలు ఉన్న వైపుకే గాలి పోతుంది. రెండు ఫ్యాన్లు పెట్టినప్పుడు "ఒకటి లోపలికి, ఒకటి బయటికి" అని ఎదురెదురుగా బిగించేవాళ్లున్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రెండూ పైకప్పులోనే పక్కపక్కన ఉంటే, ఒకటి తోసిన వేడిగాలినే రెండోది లోపలికి లాక్కుంటుంది. కింద ఉన్న స్విచ్‌కు ఏమీ అందదు. రెండూ బయటికే తోయాలి.

ఎంత గాలి కావాలో కూడా లెక్క కట్టొచ్చు. వాట్లను డిగ్రీల తేడాతో భాగించి 1.76తో గుణిస్తే, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో వస్తుంది. ఫ్యాన్ పెట్టెల మీద సీఎఫ్ఎం అని రాసేది ఇదే. మన 100 వాట్ల ర్యాక్ లోపల గది కన్నా 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే 100ను 5తో భాగించి 1.76తో గుణించండి: 35. లీటర్లలో చెబితే సెకనుకు సుమారు 17 లీటర్లు. నీళ్ల లారీ దగ్గర పట్టుకునే ప్లాస్టిక్ బిందె ఉంది కదా, సెకనుకు దాదాపు ఒక బిందెడు గాలి. 120 మిల్లీమీటర్ల మంచి ఫ్యాన్‌కు 80, 100 అని రాసి ఉంటుంది. అది ఏ అడ్డమూ లేనప్పటి అంకె. జాలీ, దుమ్ము ఫిల్టర్, ఇరుకు సందులు కలిస్తే సగానికి పడిపోవచ్చు. అయినా మనకు చాలు. అంటే 17 డిగ్రీల పెరుగుదలను 5కు దించడానికి ఒక్క ఫ్యాన్ సరిపోతుంది.

ఒక షరతు మీద. లోపలికి వచ్చే దారి ఉండాలి. ఫ్యాన్ గాలిని పుట్టించదు, తోస్తుంది, అంతే. కింద దారి లేకపోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు వస్తూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ రంధ్రం వైశాల్యం ఎంతో ఏడో తరగతి పిల్లలే చెప్పగలరు: 6 ఇంటూ 6 ఇంటూ 3.14, సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. కింద, పక్కల ఉన్న చిల్లులన్నీ కలిపి కనీసం అంత ఉండాలి. జాలీయో ఫిల్టరో వేస్తే దానికి రెట్టింపు. ర్యాక్ పైన కూడా కనీసం ఒక జానెడు ఖాళీ వదలండి. పైకప్పు మీద పాత రిజిస్టర్లు, ఆన్సర్ షీట్ల కట్టలు పెట్టడం చాలా బళ్లలో కనిపించే దృశ్యం. అవి సరిగ్గా ఫ్యాన్ నోరు మూస్తాయి.

గాలి నిజంగా కదులుతోందో లేదో తెలుసుకోవడానికి టిష్యూ కాగితం సన్నటి ముక్క చాలు. ఫ్యాన్ పైన పట్టుకుంటే పైకి ఎగరాలి. కింది చిల్లుల దగ్గర పట్టుకుంటే లోపలికి అతుక్కోవాలి. పైన ఎగిరి కింద కదలకపోతే గాలి ఎక్కడో దగ్గరి దారి వెతుక్కుందన్న మాట. తలుపు సందో, పైనున్న కేబుల్ రంధ్రమో అయి ఉంటుంది. ఊదొత్తి పొగతో కూడా చూస్తారు గానీ, పిల్లలు ఉన్నచోట నిప్పు వద్దు.

లోపల సర్దడం

లోపల వేడి పైకి చేరుతుంది కాబట్టి వేడిని తట్టుకోలేనివి కింద ఉండాలి. బరువు వల్ల కూడా యూపీఎస్ అడుగునే ఉండాలి. దాని మీద రికార్డర్, ఆ పైన స్విచ్, ప్యాచ్ ప్యానెల్. కానీ చాలాచోట్ల రికార్డర్ అన్నిటికన్నా పైన కూర్చుని ఉంటుంది. కారణం ఏమీ లేదు, చివర కొన్నది అదే కాబట్టి ఖాళీ ఉన్నచోట పెట్టేశారు.

ఫ్యాన్ లేని స్విచ్‌లు రెండుంటే వాటి మధ్య ఒక యూ ఖాళీ వదలండి. వాటికి ఒళ్లే రేడియేటర్. అదే పెద్ద ఆఫీసుల్లోని 42 యూ ర్యాక్ గురించి చదివితే దీనికి సరిగ్గా వ్యతిరేకం రాసి ఉంటుంది: ఖాళీ యూలన్నీ మూత పలకలతో మూసేయండి అని. రెండూ సరైనవే. అక్కడి సర్వర్లు సొంత ఫ్యాన్లతో ముందునుంచి గాలి లాగి వెనక్కి తోస్తాయి. ఖాళీ ఉంటే వెనకి వేడిగాలి ఆ సందులోంచి ముందుకు వచ్చి మళ్లీ లోపలికే పోతుంది. మన గోడ పెట్టెలో అలాంటి ముందూవెనకా లేదు. మీ పరికరం ఎటునుంచి గాలి పీలుస్తుందో తెలుసుకున్నాకే ఏ సలహా అయినా పాటించండి.

స్విచ్‌లలో కూడా రకాలున్నాయి. కొన్ని ఎడమ పక్కనుంచి లాగి కుడి పక్కకు తోస్తాయి. అలాంటి రెండింటిని రెండు ర్యాక్‌లలో పక్కపక్కన బిగిస్తే ఒకదాని ఊపిరి ఇంకోదానికి తగులుతుంది. పెద్ద స్విచ్‌లలో గాలి దిశను కొనేటప్పుడే ఎంచుకోవచ్చు. సిస్కో నెక్సస్ రకాల్లో పోర్టుల వైపు నుంచి గాలి బయటికి పోయే ఫ్యాన్లకు నీలం రంగు పట్టీ, పోర్టుల వైపు నుంచి లోపలికి వచ్చే వాటికి ముదురు ఎరుపు పట్టీ వేస్తారు. రెండు రంగులూ ఒకే స్విచ్‌లో కలపకూడదు.

కేబుళ్లను జడలా అల్లి ఒక పక్కకు కట్టండి. ఫ్యాన్ నోటికి, చిల్లులకు అడ్డంగా గుత్తులుగా వేలాడకూడదు. ప్లాస్టిక్ టై కన్నా అతుక్కునే గుడ్డ పట్టీ మేలు, రేపు ఇంకో కేబుల్ చేర్చాలంటే కోయక్కర్లేదు.

ఏసీ కావాలా?

తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ మాట వస్తుంటుంది. లెక్క చూడండి. 100 వాట్ల వేడి అంటే గంటకు 341 బీటీయూలు. ఒక టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూలు తీయగలదు, అంటే మన ర్యాక్‌కు కావలసినదానికి 35 రెట్లు. ఒక్క పెట్టె కోసం ఏసీ కొనడం అంటే లవంగాలు తూచడానికి లారీల కాటా కొన్నట్టు. ఆ డబ్బుతో ల్యాబ్‌కు రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, నాలుగు కుర్చీలు వస్తాయి.

ల్యాబ్‌లో పిల్లల కోసం ఎలాగూ ఏసీ ఉంటే, ర్యాక్ కూడా ఆ గదిలో ఉంటే సంతోషమే. కానీ సాయంత్రం బడి మూయగానే ఏసీ ఆపేస్తారు. ర్యాక్ రాత్రంతా నడుస్తుంది. కిటికీలు మూసి, ఏసీ ఆపిన గది తెరిచిన గది కన్నా త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి ఏసీ ఉన్నా ర్యాక్ ఫ్యాన్, గదికి వెంటిలేటర్ తప్పనిసరి. ఏసీ ఇండోర్ యూనిట్ కింద మాత్రం ర్యాక్ ఎప్పుడూ పెట్టకండి. దాని నీటి గొట్టం మూసుకుపోతే నీళ్లు నేరుగా స్విచ్ మీద పడతాయి.

ఎంత చల్లగా ఉండాలి? అమెరికాలోని ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం డేటా సెంటర్లకు సిఫారసు చేసే లోపలికి వచ్చే గాలి 18 నుంచి 27 డిగ్రీలు. కానీ అదే సంఘం ఏ2 తరగతి పరికరాలకు 35 దాకా, ఏ3కి 40 దాకా, ఏ4కి 45 దాకా అనుమతిస్తుంది. హార్డ్‌డిస్కుల గురించి కూడా ఒక మాట. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పరిశోధన ప్రచురించారు. మధ్యస్థమైన వేడికీ డిస్కు చెడిపోవడానికీ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం వాళ్లకు కనిపించలేదు. బాగా ఎక్కువ వేడిలో, పాతబడిన డిస్కుల్లోనే తేడా బయటపడింది. కాబట్టి మంచులా చల్లబరచాలన్న తాపత్రయం అక్కర్లేదు. 50 దాటకుండా చూడటమే మన పని, 40 లోపల ఉంచగలిగితే హాయి.

అందుకు అన్నిటికన్నా చౌకైన మార్గం సరైన గది. కింది అంతస్తు, ఉత్తరం వైపు గోడ. రేకుల షెడ్డు వద్దు, డాబా కింది పైఅంతస్తు వద్దు, పడమటి ఎండ పడే గోడ వద్దు. గోడమీద ఎత్తు కూడా చూడండి. పిల్లలకు అందకూడదని ఇంటికప్పుకు ఆనించి బిగిస్తారు. గదిలో అన్నిటికన్నా వేడిగాలి ఉండేది అక్కడే. పెద్దవాళ్ల తల ఎత్తులో పెట్టి తాళం వేస్తే చాలు.

యూపీఎస్ సంగతి

మన ఎండకు మొదట బలయ్యేది స్విచ్ కాదు, బ్యాటరీ. యూపీఎస్‌లో ఉండే మూసిన సీసం బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగం. ఐదేళ్లు రావలసిన బ్యాటరీ 35 డిగ్రీల పెట్టెలో రెండున్నరేళ్లకే నీరసిస్తుంది. "ఈ కంపెనీ బ్యాటరీ మంచిది కాదు" అని కంపెనీ మార్చేముందు పెట్టె లోపల వేడి ఎంతో కొలిచి చూడండి. చోటుంటే యూపీఎస్‌ను ర్యాక్ బయటే, కింద, విడిగా పెట్టడం ఇంకా మేలు.

ఇంకో పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. స్విచ్, రికార్డర్ యూపీఎస్ మీద ఉంటాయి, ర్యాక్ ఫ్యాన్ మాత్రం మామూలు ప్లగ్గులో ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోగానే ఫ్యాన్ ఆగిపోతుంది, పొయ్యిలు మాత్రం బ్యాటరీ మీద మండుతూనే ఉంటాయి. పైగా అప్పుడు యూపీఎస్ కూడా ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఫ్యాన్ తీసుకునేది కొద్ది వాట్లే. దాన్ని కూడా యూపీఎస్ మీదికే మార్చండి.

లండన్‌లో ఒక రోజు

ఇదంతా చిన్న ఊళ్ల, చిన్న బళ్ల బాధ అనుకోకండి. 2022 జూలై 19న ఇంగ్లండులో చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీలు దాటింది. కోనింగ్స్‌బీ అనే చోట 40.3 నమోదైంది. ఆరోజు లండన్‌లో గూగుల్, ఒరాకిల్ సంస్థల డేటా సెంటర్లలో చల్లబరిచే యంత్రాలు దెబ్బతిని, కొన్ని కంప్యూటర్లను వాళ్లే ఆపేయాల్సి వచ్చింది. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల పరిస్థితి ఇంకా దారుణం. వాళ్ల రెండు డేటా సెంటర్లూ ఆ వేడికి ఆగిపోయాయి. డాక్టర్లు రోగుల వివరాలు కంప్యూటర్లో చూడలేక కాగితం, పెన్ను పట్టుకున్నారు. అంతా మళ్లీ సర్దుకోవడానికి వారాలు పట్టింది. ఒకటి పోతే రెండోది ఆదుకోవాలనే రెండు పెట్టుకున్నారు. ఎండ మాత్రం రెండిటి మీదా ఒకేసారి కాసింది.

40 డిగ్రీలు మనకు అంత వింత కాదు. మన బడి ర్యాక్ ఆగితే ప్రాణాల మీదికి రాదు, నిజమే. కానీ హాజరు ఎక్కించడం ఆగుతుంది, స్మార్ట్ క్లాస్ ఆగుతుంది, పరీక్ష ఫలితాలు వచ్చే రోజు ఆఫీసు ముందు మీరు నిలబడి ఉంటారు. గేటు దగ్గరి కెమెరా రికార్డింగ్ ఆగిపోయిందన్న సంగతి, ఏదో జరిగి దాన్ని వెతికిన రోజు దాకా ఎవరికీ తెలియకపోవచ్చు. ఈ చివరిదే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టే విషయం. పిల్లల భద్రత కోసం పెట్టింది, చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది.

వేసవి సెలవులకు ముందు

ఏప్రిల్ చివర బడి మూసేటప్పుడు గది తాళం పడుతుంది, కిటికీలు బిగుస్తాయి, సరిగ్గా కత్తిరి ఎండలు మొదలవుతాయి. ఏడాదిలో ర్యాక్‌కు అన్నిటికన్నా కష్టకాలం అదే, చూసేవాళ్లు లేని కాలమూ అదే. కాబట్టి తాళం వేసేముందు ల్యాబ్ స్విచ్‌ను, అవసరం లేని రౌటర్లను ఆపేయాలి. కెమెరాలు, రికార్డర్, వాటికి కరెంటు ఇచ్చే స్విచ్ మాత్రం నడవాలి. పెట్టెలో సగం పొయ్యిలు ఆర్పితే సగం వేడి తగ్గినట్టే. వెంటిలేటర్ తెరిచి దోమతెర జాలీ కొట్టాలి. ఫిల్టర్ ఉంటే ఉతికి ఆరబెట్టి పెట్టాలి. సెలవుల్లో వారానికి ఒకసారి ఎవరైనా గది తెరిచి ఫ్యాన్ తిరుగుతోందా, రికార్డింగ్‌లో నిన్నటి తేదీ ఉందా అని చూడాలి. ఆడి గాలి నెలల్లో ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారైనా ఉతకాలి.

దుమ్ము దులిపే పని పెద్దవాళ్లది. ముందు కరెంటు ఆపాలి. మెత్తటి బ్రష్ వాడాలి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి, గాలి వేగానికి విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ వద్దు. అగ్గిపెట్టెల, బాణసంచా పనిచోట్ల ఒక హెచ్చరిక: మందు కలిపే గదుల దగ్గర ఇలాంటి పెట్టెలు, ఫ్యాన్లు పెట్టనే కూడదు. అక్కడి విద్యుత్ పరికరాలకు వేరే నియమాలున్నాయి.

ఇంట్లో, అంగట్లో

అంగళ్లలో కెమెరా రికార్డర్‌ను దొంగలెత్తుకుపోకుండా చెక్క బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మంచి ఆలోచనే. కానీ చెక్క వేడిని ఇనుము అంత కూడా వదలదు. తలుపుకు అద్దం బదులు ఇనప జాలీ వేయించండి, బీరువా వెనక పైభాగంలో అరచేయంత రంధ్రం కోయించండి. తాళం తాళంగానే ఉంటుంది, గాలీ ఆడుతుంది.

ఇంట్లో రౌటర్ మీద, సెట్‌టాప్ బాక్స్ మీద అల్లిక గుడ్డ కప్పడం మన ఇళ్లలో అలవాటు. దుమ్ము పడకూడదని అమ్మమ్మలు ముచ్చటగా అల్లి ఇస్తారు. ఆ గుడ్డను కిందికి మార్చండి, మీద వద్దు. రౌటర్‌ను టీవీ వెనక ఇరికించకుండా గోడకు నిలువుగా తగిలించండి. మధ్యాహ్నం పూట నెట్ ఆగి, సాయంత్రం తనంతట తానే వస్తుంటే లైన్ బాగోలేదని ఫిర్యాదు చేసేముందు రౌటర్ మీద ఒకసారి చేయి పెట్టి చూడండి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు సైన్సు ప్రాజెక్టుగా దీన్ని తీసుకోవచ్చు. రెండు తీగలున్న డిజిటల్ థర్మామీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఇంట్లో రౌటర్ పక్కన ఒక తీగ, గదిలో దూరంగా ఒక తీగ పెట్టి, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటకోసారి రెండు అంకెలూ రాసుకోండి. గుడ్డ కప్పి ఒకరోజు, తీసి ఒకరోజు. రెండు అంకెల మధ్య తేడానే గ్రాఫ్ గీయండి. బడి ర్యాక్ దగ్గర మాత్రం కంప్యూటర్ టీచరు పక్కన ఉన్నప్పుడే కొలవాలి.

ర్యాక్ ఫ్యాన్ చప్పుడు ఆగిపోయినా, గరగరమన్నా, కాలిన వాసన వచ్చినా, యూపీఎస్ పక్కలు ఉబ్బినట్టు కనిపించినా పిల్లలు తలుపు తెరవకూడదు, ప్లగ్గు పీకకూడదు. వెంటనే వచ్చి ఆఫీసులో చెప్పండి. పాఠం మధ్యలో అయినా సరే, లేచి వచ్చి చెప్పొచ్చు.